పొడవైన హెక్సాడెసిమల్ సంఖ్యలను చదివే పద్ధతులు

హెక్సాడెసిమల్ లేక షోడశాంశ సంఖ్యామానము అనగా 16 ఆధారంగా గల సంఖ్యామానము. కంప్యూటర్లలో ఈ పద్ధతిలో వ్రాసే సంఖ్యలు తరచుగా 32, 40 లేక 64 అంకెల పొడవు ఉంటాయి. అంత పొడవైన సంఖ్యను మనిషి తప్పు లేకుండా చదవాలన్నా, చూసి వ్రాయాలన్నా, మరొకరికి చెప్పాలన్నా దానిని చిన్న గుంపులుగా విడదీయవలసి ఉంటుంది. అయితే ఎన్ని అంకెలకు ఒకసారి విడదీయాలి అన్నదానికి అన్ని సంఖ్యలకూ వర్తించే ఒకే నియమం లేదు. ఆ సంఖ్య దేనిని సూచిస్తున్నదో తెలుసుకొని, అందులోని భాగాలు కలిసే చోటనే విడదీయాలి. తిరుపతి, చిత్తూరు వంటి తెలుగు ఊరి పేర్లు కంప్యూటర్లో హెక్సాడెసిమల్ సంఖ్యలుగా మారే తీరును గమనిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది.

ఈ సంఖ్యామానంలో 0 నుండి 9 వరకు గల అంకెల తరువాత పది నుండి పదిహేను వరకు గల విలువలకు ఆంగ్ల వర్ణమాలలోని మొదటి ఆరు అక్షరాలను వాడతారు. ఈ వ్యాసంలో ఆ అక్షరాలను ఏ (10), బీ (11), సీ (12), డీ (13), ఈ (14), ఎఫ్ (15) అని తెలుగు లిపిలో వ్రాయడమైనది.

సంఖ్యామాన పరిచయం

కంప్యూటర్ లోపల సమాచారమంతా 0, 1 అనే రెండు అంకెలతో, అనగా ద్విసంఖ్యామానంలో ఉంటుంది. ఈ అంకెలను బిట్లు అంటారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. నాలుగు బిట్లకు 16 రకాల అమరికలు సాధ్యం కాబట్టి, నాలుగు బిట్లను ఒకే హెక్సాడెసిమల్ అంకెతో వ్రాయవచ్చును. ఆ లెక్కన ఒక బైటుకు రెండు అంకెలు సరిపోతాయి.

దీనిని పాతకాలపు నాణేలతో సులభంగా అర్థం చేసుకోవచ్చును. భారతదేశంలో 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు ప్రవేశపెట్టబడక ముందు రూపాయికి 16 అణాలు. అర్ధరూపాయి అంటే 8 అణాలు, పావలా అంటే 4 అణాలు, బేడ అంటే 2 అణాలు, ఆపైన అణా. ఈ నాలుగు నాణేలను ఒక్కొక్కటి చొప్పున దగ్గర ఉంచుకుంటే 0 నుండి 15 అణాల వరకు ఏ మొత్తమైనా చెల్లించవచ్చును. ఉదాహరణకు 11 అణాలకు అర్ధరూపాయి, బేడ, అణా కావాలి, పావలా అక్కరలేదు. నాణెం ఉంటే 1, లేకపోతే 0 అని వరుసగా వ్రాస్తే 1011 వస్తుంది. హెక్సాడెసిమల్ పద్ధతిలో దానినే బీ అని వ్రాస్తారు. ఆ విధంగా ప్రతి హెక్సాడెసిమల్ అంకె ఈ నాలుగు నాణేలలో ఏవి ఉన్నాయో, ఏవి లేవో తెలుపుతుంది.

పదికి పైబడిన విలువలకు తొలినాటి కంప్యూటర్లలో ఒక్కొక్క యంత్రం ఒక్కొక్క రకం గుర్తులను వాడేది. ఐబీఎం సంస్థ 1964లో ప్రకటించిన సిస్టమ్/360 కంప్యూటర్ల తరువాత ఏ నుండి ఎఫ్ వరకు గల అక్షరాల వాడుక స్థిరపడింది.

చదవడంలో గల ఇబ్బందులు

పొడవైన సంఖ్యను చదివేటప్పుడు కంటికి ఆనవాలు దొరకదు. ఒకే అంకె పక్కపక్కన పలుమార్లు వచ్చినపుడు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క తప్పుతుంది. ఒక అంకె వదిలివేసినా, రెండుసార్లు వ్రాసినా, రెండు అంకెలను తారుమారు చేసినా ఆ తప్పు పైకి కనబడదు. మనిషి ఒకేసారి మనసులో ఉంచుకోగల అంశాలు సుమారు ఏడు అని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో ప్రచురించిన వ్యాసంలో పేర్కొన్నాడు. వాటి సంఖ్య నాలుగుకు దగ్గరగా ఉంటుందని నెల్సన్ కోవన్ 2001లో ప్రతిపాదించాడు. ఈ అంశాలు విడి అంకెలే కానవసరం లేదు. అర్థవంతమైన గుంపు ఒక్కటీ ఒక అంశమే అవుతుంది.

హెక్సాడెసిమల్ సంఖ్యలకు మరికొన్ని ప్రత్యేకమైన ఇబ్బందులు కలవు. ఆంగ్ల లిపిలో వ్రాసినపుడు 8కి, బీకి మధ్య, అలాగే 0కి, డీకి మధ్య ఆకారంలో పోలిక ఉన్నది. చిన్న బడి బీ అక్షరం 6లాగా కనబడుతుంది. ఫోనులో చెప్పేటప్పుడు బీ, సీ, డీ, ఈ అనే నాలుగూ ఒకే విధంగా వినబడతాయి. దశాంశ సంఖ్యలను చదవడానికి వేయి, లక్ష, కోటి అనే పేర్లు ఉన్నాయి. హెక్సాడెసిమల్ స్థానాలకు అటువంటి పేర్లు వాడుకలో లేవు.

దశాంశ సంఖ్యలలో గుంపులు

భారతదేశంలో కోటిని 1,00,00,000 అని వ్రాస్తారు. కుడి నుండి మొదటి మూడు అంకెలు ఒక గుంపు, ఆ తరువాత రెండేసి అంకెలు ఒక్కొక్క గుంపు. వేయి, లక్ష, కోటి అనే పేర్లు ఎక్కడెక్కడ మొదలవుతాయో అక్కడక్కడ కామా పడుతుంది. పాశ్చాత్య దేశాలలో పేర్లు వెయ్యి రెట్లకు ఒకసారి మారతాయి కాబట్టి అక్కడ మూడేసి అంకెలకు కామా పెడతారు. రెండు పద్ధతులలోనూ విడదీసే చోటు, సంఖ్యను నోటితో పలికేటప్పుడు ఆగే చోటు ఒక్కటే.

పరిమాణాన్ని కాక కేవలం గుర్తింపును తెలిపే సంఖ్యలకు ఈ సూత్రం పనిచేయదు. ఆధార్ సంఖ్యలో 12 అంకెలు ఉంటాయి. దానిని కార్డుపై నాలుగేసి అంకెల చొప్పున మూడు గుంపులుగా ముద్రిస్తారు. దానిని లక్షలు, కోట్లుగా ఎవరూ చదవరు. ఇక్కడ విభజన చూసి వ్రాసుకునే వారి సౌకర్యం కొరకు మాత్రమే.

హెక్సాడెసిమల్ సంఖ్యలలో ఈ రెండు రకాలూ ఉన్నాయి. పరిమాణాన్ని తెలిపే సంఖ్యను కుడి నుండి విడదీస్తూ రావాలి. చిరునామా, సంకేతాల వరుస వంటి వాటిని ఎడమ నుండి విడదీయాలి.

ఉదాహరణ: తిరుపతి

యూనికోడ్ ప్రమాణంలో ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంఖ్య కేటాయించబడినది. తెలుగు లిపి 1991లో వెలువడిన మొదటి సంచిక నుండి ఇందులో ఉన్నది. తెలుగుకు 0సీ00 నుండి 0సీ7ఎఫ్ వరకు 128 స్థానాలు కలవు. తిరుపతి అనే పేరు చూడడానికి నాలుగు అక్షరాలే అయినా, కంప్యూటర్ దానిని ఏడు సంకేతాలుగా భద్రపరుస్తుంది.

- త : 0సీ24
- గుడి : 0సీ3ఎఫ్
- ర : 0సీ30
- కొమ్ము : 0సీ41
- ప : 0సీ2ఏ
- త : 0సీ24
- గుడి : 0సీ3ఎఫ్

ఇందులో ప్రతి సంకేతాన్ని రెండేసి అంకెలుగా విడదీస్తే మొదటి జత పుటను, రెండవ జత ఆ పుటలోని స్థానాన్ని తెలుపుతాయి. ఒక పుటలో 256 స్థానాలు ఉంటాయి. 0సీ అనే పుటలో మొదటి సగం తెలుగుది, రెండవ సగం కన్నడానిది. 0బీ అనే పుటలో రెండవ సగం తమిళానిది. హిందీ వ్రాయడానికి వాడే దేవనాగరి 09 అనే పుటలో మొదటి సగంలో ఉన్నది. భారతీయ లిపుల పట్టికలను యూనికోడ్‌లో ఇంచుమించు ఒకే క్రమంలో అమర్చారు. అందుచేత ఒకే ధ్వనికి చెందిన అక్షరం అన్ని లిపులలోనూ తన పట్టిక మొదటి నుండి ఒకే దూరంలో ఉంటుంది.

చిత్తూరు ప్రాంతం తమిళనాడు, కర్ణాటక రాష్ట్రాలకు సరిహద్దున ఉన్నది. తిరుమల యాత్రకు వచ్చేవారిలో ఆ రెండు భాషల వారు, హిందీ మాట్లాడేవారు కూడా చాలామంది ఉంటారు. కనుక తిరుపతి పేరును ఈ నాలుగు లిపులలోనూ వ్రాయడం మామూలే. ఆ పేరులోని మొదటి అక్షరమైన త సంకేతం నాలుగు లిపులలోనూ ఈ విధంగా ఉంటుంది.

- తెలుగు : 0సీ 24
- కన్నడం : 0సీ ఏ4
- తమిళం : 0బీ ఏ4
- దేవనాగరి : 09 24

తెలుగు, దేవనాగరి సంకేతాలలో రెండవ జత ఒక్కటే. కన్నడ, తమిళ సంకేతాలలో రెండవ జత ఒక్కటే. ఈ రెండింటి మధ్య తేడా హెక్సాడెసిమల్‌లో 80, అనగా 128. సరిగ్గా సగం పుట. ఈ నాలుగు సంకేతాలనే దశాంశ పద్ధతిలో వ్రాస్తే 3108, 3236, 2980, 2340 అవుతాయి. వాటిని చూసి ఇవి ఒకే అక్షరానికి చెందినవని గుర్తించడం కష్టం.

తిరుపతి పేరులోని మిగిలిన అక్షరాలకు కూడా ఈ పోలిక వర్తిస్తుంది. హిందీలో వ్రాసిన తిరుపతికి రెండవ జతల వరుస 24, 3ఎఫ్, 30, 41, 2ఏ, 24, 3ఎఫ్. తెలుగు వరుస కూడా అక్షరాలా ఇదే. కన్నడంలో ఆ వరుస ఏ4, బీఎఫ్, బీ0, సీ1, ఏఏ, ఏ4, బీఎఫ్. తమిళంలో ఈ పేరును పకారాన్ని ద్విత్వంగా వ్రాస్తారు కాబట్టి మధ్యలో పొల్లు, మరొక ప అదనంగా చేరి మొత్తం తొమ్మిది సంకేతాలు అవుతాయి.

యూటీఎఫ్-8 రూపం

యూనికోడ్ సంకేతాలను ఫైళ్ళలోను, అంతర్జాలంలోను ఎక్కువగా యూటీఎఫ్-8 అనే రూపంలో ఉంచుతారు. దీనిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. ఇందులో ఆంగ్ల అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి. ఏడు సంకేతాలున్న తిరుపతి పేరు 21 బైట్లు, అనగా 42 హెక్సాడెసిమల్ అంకెలు అవుతుంది.

ఈ0బీ0ఏ4ఈ0బీ0బీఎఫ్ఈ0బీ0బీ0ఈ0బీ181ఈ0బీ0ఏఏఈ0బీ0ఏ4ఈ0బీ0బీఎఫ్

దీనిని మూడేసి బైట్ల చొప్పున, అనగా ఆరేసి అంకెల చొప్పున విడదీస్తే ఈ విధంగా ఉంటుంది.

- ఈ0 బీ0 ఏ4 : త
- ఈ0 బీ0 బీఎఫ్ : గుడి
- ఈ0 బీ0 బీ0 : ర
- ఈ0 బీ1 81 : కొమ్ము
- ఈ0 బీ0 ఏఏ : ప
- ఈ0 బీ0 ఏ4 : త
- ఈ0 బీ0 బీఎఫ్ : గుడి

ఇలా విడదీసిన తరువాత మూడు విషయాలు తెలుస్తాయి. మొదటిది, ప్రతి గుంపు ఈ0తో మొదలవుతున్నది. రెండవది, మధ్య బైటు బీ0 లేక బీ1గా మాత్రమే ఉన్నది. తెలుగు పట్టికలో గుడి వరకు గల మొదటి 64 స్థానాలకు బీ0, ఆ తరువాతి 64 స్థానాలకు బీ1 వస్తుంది. అందుచేత ఈ పేరులోని హల్లులకు, గుడికి బీ0, కొమ్ముకు బీ1 వచ్చాయి. మూడవది, రెండుసార్లు వచ్చిన తి అక్షరానికి అవే రెండు గుంపులు మళ్ళీ వచ్చాయి.

నాలుగు లిపుల పోలిక ఇక్కడ మరింత బాగా కనబడుతుంది. త అక్షరం యూటీఎఫ్-8లో తెలుగులో ఈ0 బీ0 ఏ4, కన్నడంలో ఈ0 బీ2 ఏ4, తమిళంలో ఈ0 ఏఈ ఏ4, దేవనాగరిలో ఈ0 ఏ4 ఏ4. మధ్య బైటు లిపిని తెలుపుతున్నది. చివరి బైటు నాలుగింటికీ ఒక్కటే. లిపుల పట్టికలు 128 స్థానాల చొప్పున ఉండడం, యూటీఎఫ్-8లో చివరి బైటు 64 స్థానాలను మోయడం, 128లో 64 సరిగ్గా రెండుసార్లు పోవడం ఇందుకు కారణం.

తప్పు చోట విడదీస్తే

గుంపులు ఉంటే చాలు, అవి ఎక్కడ ఉన్నా ఫరవాలేదు అనుకోవడం పొరపాటు. పై సంఖ్యను నాలుగేసి అంకెలకు విడదీస్తే ఈ0బీ0, ఏ4ఈ0, బీ0బీఎఫ్, ఈ0బీ0, బీ0ఈ0, బీ181 అని సాగుతుంది. ఒక అక్షరం చివరి బైటు, తరువాతి అక్షరం మొదటి బైటు కలిసి ఒకే గుంపులో పడతాయి. ఏ గుంపుకూ అర్థం ఉండదు. తిరుపతి విషయంలో 42 అంకెలను నాలుగుతో భాగిస్తే రెండు అంకెలు మిగులుతాయి కాబట్టి ఏదో తేడా ఉన్నదని అనుమానమైనా కలుగుతుంది. చిత్తూరు విషయంలో ఆ అనుమానానికి కూడా తావు లేదు. చిత్తూరు పేరు చూడడానికి మూడు అక్షరాలే. అయితే త్తూ అనే అక్షరం త, పొల్లు, త, కొమ్ముదీర్ఘం అనే నాలుగు సంకేతాలుగా విడిపోవడం వల్ల మొత్తం ఎనిమిది సంకేతాలు, 24 బైట్లు, 48 అంకెలు అవుతాయి. 48ని నాలుగుతో భాగిస్తే శేషం ఉండదు. తప్పు విభజన కూడా చక్కగా పన్నెండు గుంపులుగా అమరిపోతుంది.

ఫైలులోని బైట్లను హెక్సాడెసిమల్‌లో చూపే ఉపకరణాలలో ఎక్స్ఎక్స్‌డీ అనేది ఒకటి. అది మామూలుగా రెండు బైట్లను, అనగా నాలుగు అంకెలను ఒక గుంపుగా చూపుతుంది. కుడివైపున అవే బైట్లను ఆంగ్ల అక్షరాలుగా కూడా చూపుతుంది కాబట్టి ఆంగ్ల పాఠానికి ఇబ్బంది లేదు. తెలుగు పాఠానికి కుడివైపున చుక్కలు మాత్రమే కనబడతాయి. అందుచేత తెలుగు పాఠాన్ని పరిశీలించేవారికి సరియైన విభజన తప్ప వేరే ఆధారం ఉండదు. ఈ ఉపకరణంలో గుంపు పరిమాణాన్ని మూడు బైట్లుగా మార్చుకునే వీలు ఉన్నది.

అయితే మూడేసి బైట్ల లెక్క కూడా ఎల్లవేళలా నిలవదు. రెండు పదాల మధ్య ఖాళీకి 20 అనే ఒకే బైటు ఉంటుంది. అక్కడి నుండి లెక్క జరిగిపోతుంది. యూటీఎఫ్-8 నిర్మాణంలోనే దీనికి పరిష్కారం కలదు. బైటులోని మొదటి అంకె 0 నుండి 7 లోపు ఉంటే అది ఒంటరి బైటు. మొదటి అంకె 8, 9, ఏ, బీలలో ఒకటైతే అది వెనుకటి అక్షరానికి కొనసాగింపు. మొదటి అంకె సీ, డీ, ఈ, ఎఫ్‌లలో ఒకటైతే అక్కడ కొత్త అక్షరం మొదలవుతుంది. తెలుగు పాఠంలో ఈ0 కనబడిన ప్రతిచోట కొత్త గుంపు మొదలుపెడితే సరిపోతుంది. ఫైలు మధ్య నుండి చదవడం మొదలుపెట్టినా ఈ నియమం పనిచేస్తుంది.

వెబ్ చిరునామాలలో తెలుగు పేర్లు

వెబ్ చిరునామాలో తెలుగు పేరు ఉన్నపుడు ప్రతి బైటుకు ముందు శాతం గుర్తు (%) చేర్చి హెక్సాడెసిమల్‌లో వ్రాసే పద్ధతి ఉన్నది. ఈ పద్ధతి ప్రకారం తిరుపతి 63 గుర్తులు, చిత్తూరు 72 గుర్తులు అవుతాయి. బ్రౌజర్లు చిరునామా పెట్టెలో తెలుగు అక్షరాలనే చూపినా, నకలు చేసి ఉత్తరంలో అతికించినపుడు తరచుగా ఈ పొడవైన రూపం బయటపడుతుంది.

శాతం గుర్తు బైటును బైటు నుండి వేరు చేస్తుంది కాని, అక్షరాన్ని అక్షరం నుండి వేరు చేయదు. చిరునామా వరుస చివర తెగిపోయి ఒక బైటు పోతే, చివరి అక్షరం ఈ0 బీ0 అని అసంపూర్ణంగా మిగులుతుంది. అటువంటి చోట చాలా సాఫ్ట్‌వేర్లు నల్లని వజ్రాకారంలో ప్రశ్నార్థకాన్ని చూపుతాయి. ఇది కంటికి కనబడే తప్పు. అంకె మారిపోయే తప్పు ఇంతకంటె ప్రమాదకరం. తిరుపతిలోని ఈ0 బీ0 ఏఏ చివరి అంకె సీగా మారితే తిరుబతి, ఈగా మారితే తిరుమతి అవుతుంది. రెండూ కంప్యూటర్ దృష్టిలో సరియైన తెలుగు అక్షరాలే కాబట్టి ఏ హెచ్చరికా రాదు. వెదికిన పేజీ మాత్రం దొరకదు. గుంపులుగా విడదీసి చూసేవారికి ఐదవ గుంపులో ఏఏ బదులు ఏసీ ఉన్నదని వెంటనే తెలుస్తుంది. విడదీయని 42 అంకెలలో దానిని పట్టుకోవడం కష్టం.

తెలుగు పేజీ తెరచినపుడు అక్షరాల బదులు ఆంగ్ల ఏ అక్షరంపై వాలుగీత, దాని పక్కన డిగ్రీ గుర్తు, ఆ తరువాత మరేదో గుర్తు, ఇలా మూడేసి గుర్తులు పదే పదే కనబడడం కూడా దీనికి సంబంధించినదే. యూటీఎఫ్-8 పాఠాన్ని పశ్చిమ ఐరోపా భాషల సంకేతాలతో చదివినపుడు ఈ0 అనే బైటు వాలుగీత గల ఏగాను, బీ0 అనే బైటు డిగ్రీ గుర్తుగాను కనబడతాయి. ఆ గుర్తుల జంట మళ్ళీ మళ్ళీ వస్తుంటే లోపల ఉన్నది తెలుగు పాఠమేనని, అది చెడిపోలేదని, చదివే పద్ధతి మాత్రమే తప్పని గ్రహించవచ్చును.

వాడుకలో ఉన్న విభజనలు

ఒక్కొక్క రకం సంఖ్యకు ఒక్కొక్క విభజన స్థిరపడింది. వాటిలో ముఖ్యమైనవి:

- రంగుల సంకేతం: ఆరు అంకెలు. రెండేసి చొప్పున ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళను తెలుపుతాయి. ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్ 00 అంటే ఎరుపు, ఆకుపచ్చ పూర్తిగా ఉండి నీలం లేకపోవడం. తెరపై ఇది పసుపు రంగు.
- మ్యాక్ చిరునామా: నెట్‌వర్కు పరికరాల గుర్తింపు. 12 అంకెలను ఆరు జతలుగా, మధ్యలో అడ్డగీత లేక కోలన్‌తో వ్రాస్తారు. సాధారణంగా మొదటి మూడు జతలు తయారీదారును తెలుపుతాయి.
- ఐపీవీ6 చిరునామా: 32 అంకెలు. నాలుగేసి చొప్పున ఎనిమిది గుంపులు, మధ్యలో కోలన్. గుంపు మొదట్లో గల సున్నాలను వదిలివేయవచ్చును. వరుసగా వచ్చే సున్నా గుంపులను ఒక్కచోట మాత్రం జంట కోలన్‌తో సూచించవచ్చును. 2001:0డీబీ8:0000:0000:0000:0000:0000:0001 అనే చిరునామాను 2001:డీబీ8::1 అని వ్రాస్తారు. ఒకే చిరునామాను పలు రకాలుగా వ్రాయడం వల్ల కలిగే గందరగోళాన్ని తగ్గించడానికి 2010లో ఒక సిఫారసు వెలువడింది.
- యూయూఐడీ: 32 అంకెలు. 8, 4, 4, 4, 12 చొప్పున ఐదు గుంపులు, మధ్యలో అడ్డగీత.
- పీజీపీ తాళపుచెవి ముద్ర: 40 అంకెలు. నాలుగేసి చొప్పున పది గుంపులు.

ప్రోగ్రామింగ్ భాషలలో కూడా సంఖ్య మధ్యలో విభజన గుర్తును అనుమతించే పద్ధతి ఉన్నది. అడా భాషలో 1980ల నుండి అండర్‌స్కోర్ గుర్తును వాడవచ్చును. జావాలో 2011 నుండి, పైథాన్‌లో 2016 నుండి, గో భాషలో 2019 నుండి ఇదే గుర్తుకు అనుమతి లభించింది. సీ++లో 2014 ప్రమాణం నుండి ఇందుకు అపాస్ట్రఫీ గుర్తును వాడుతున్నారు. సంఖ్య విలువ లెక్కించేటప్పుడు కంప్యూటర్ ఈ గుర్తులను పట్టించుకోదు. పైథాన్ భాష హెక్సాడెసిమల్ సంఖ్యను ముద్రించేటప్పుడు కోరితే కుడి నుండి నాలుగేసి అంకెలకు ఒక అండర్‌స్కోర్ చేర్చి ఇస్తుంది.

తెలుగు భిన్నాంకెలు

పొడవైన సంఖ్యలో స్థానం తప్పకుండా చూసుకోవడానికి తెలుగువారి పాత లెక్కలలో మరొక పద్ధతి ఉండేది. మెట్రిక్ కొలతలు రాకముందు వాడిన తెలుగు భిన్నాలు నాలుగు ఆధారంగా గలవి. ఒకటిలో నాలుగవ వంతు కాలు, పదహారవ వంతు వీసం. ధాన్యపు కొలతలు ప్రాంతాన్ని బట్టి మారినా, సాధారణంగా తూముకు 4 కుంచాలు, కుంచానికి 4 మానికలు, మానికకు 4 సోలలు, సోలకు 4 గిద్దలు అని లెక్కించేవారు. ఆ ప్రకారం తూముకు 256 గిద్దలు.

ఈ భిన్నాలను వ్రాయడానికి రెండు రకాల గుర్తులు ఉండేవి. మొదటి, మూడవ వంటి బేసి స్థానాలకు నిలువు గీతలు (౹, ౺, ౻), రెండవ, నాలుగవ వంటి సరి స్థానాలకు అడ్డగీతలు (౼, ౽, ౾) వాడేవారు. ఇవి వరుసగా 1, 2, 3 విలువలను తెలుపుతాయి. సున్నాకు కూడా రెండు గుర్తులు. బేసి స్థానంలో హళ్ళి (౸), సరి స్థానంలో మామూలు తెలుగు సున్న (౦). ఈ భిన్నాంకెలు 2008లో యూనికోడ్ 5.1 సంచికలో 0సీ78 నుండి 0సీ7ఈ వరకు గల స్థానాలలో చేర్చబడినవి. తూము గుర్తుకు 0సీ7ఎఫ్ కేటాయించబడినది.

ఒక తూములో 1 కుంచం, 2 మానికలు, 0 సోలలు, 3 గిద్దల భాగాన్ని ఈ గుర్తులతో ౹౽౸౾ అని వ్రాయవచ్చును. ఇందులో ఒక బేసి గుర్తు, ఒక సరి గుర్తు కలిసిన జత విలువ 0 నుండి 15 వరకు ఉంటుంది. అంటే ప్రతి జతా ఒక హెక్సాడెసిమల్ అంకెకు సమానం. మొదటి జత 6, రెండవ జత 3. హెక్సాడెసిమల్‌లో 63 అంటే దశాంశంలో 99. పై కొలత కూడా సరిగ్గా 99 గిద్దలే.

నిలువు, అడ్డం గుర్తులు ఒకదాని తరువాత ఒకటి రావాలి కాబట్టి ఒక గుర్తు పొరపాటున వదిలిపోతే రెండు నిలువు లేక రెండు అడ్డగుర్తులు పక్కపక్కన పడతాయి. చివరి స్థానాలలో తప్ప మరెక్కడ గుర్తు పోయినా తప్పు జరిగినట్లు లెక్క చూసేవారికి తెలిసిపోతుంది. విడదీసే గుర్తు అవసరం లేకుండానే అంకెల ఆకారం స్థానాన్ని కాపాడుతుంది.

పదాలతో చెప్పడం

ఇటువంటి ఏర్పాటు 1995లో పాట్రిక్ జుయోలా, ఫిలిప్ జిమ్మర్‌మన్ రూపొందించిన పీజీపీ పదాల పట్టికలో కనబడుతుంది. హెక్సాడెసిమల్ సంఖ్యను ఫోనులో చదివి సరిచూసుకోవడం కొరకు దీనిని తయారుచేశారు. ఇందులో ఒక్కొక్క బైటుకు ఒక్కొక్క ఆంగ్ల పదం చెబుతారు. సరి స్థానాలలోని బైట్లకు రెండు అక్షరోచ్చారణల పదాలు 256, బేసి స్థానాలలోని బైట్లకు మూడు అక్షరోచ్చారణల పదాలు 256 ఉంటాయి. మధ్యలో ఒక పదం వదిలిపోయినా, పక్కపక్క పదాలు తారుమారైనా పలుకుబడి లయ తప్పుతుంది కాబట్టి తప్పు బయటపడుతుంది. తెలుగు భిన్నాంకెలలో కంటికి ఉన్న సౌకర్యం ఇక్కడ చెవికి లభించింది.

పదాల పట్టిక లేనపుడు కూడా విమానయానంలో వాడే ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా, ఎకో, ఫాక్స్‌ట్రాట్ అనే పదాలను ఆరు అక్షరాలకు బదులుగా చెప్పడం వల్ల బీ, సీ, డీ, ఈల మధ్య పొరపాటు తగ్గుతుంది.

పాటించవలసిన జాగ్రత్తలు

- సంఖ్య పరిమాణాన్ని తెలుపుతున్నదా, గుర్తింపును తెలుపుతున్నదా, పాఠాన్ని తెలుపుతున్నదా అన్నది ముందుగా నిర్ణయించుకోవాలి.
- బైటు మధ్యలో ఎప్పుడూ విడదీయరాదు. గుంపులో అంకెల సంఖ్య సరి సంఖ్యగా ఉండాలి.
- ఆ రకం సంఖ్యకు స్థిరపడిన విభజన ఉంటే దానినే పాటించాలి. ఐపీవీ6 చిరునామాలో వలె నియమం అనుమతిస్తే తప్ప ముందున్న సున్నాలను వదలరాదు. 0సీ24 అనే సంకేతాన్ని సీ24 అని వ్రాస్తే జతలు చెదిరిపోతాయి.
- తెలుగు పాఠాన్ని యూటీఎఫ్-8లో చూసేటప్పుడు ఈ0 వచ్చిన ప్రతిచోట కొత్త గుంపు మొదలుపెట్టాలి.
- కొన్ని ఫైళ్ళలో రెండు బైట్ల సంకేతాన్ని తిరగవేసి, 0సీ 24 బదులు 24 0సీ అని భద్రపరుస్తారు. విడదీసిన తరువాత 0సీ ప్రతి జంటలో ముందు వస్తున్నదా, వెనుక వస్తున్నదా అని చూసి ఈ తేడాను గుర్తించవచ్చును.
- రెండు సంఖ్యలను పోల్చేటప్పుడు ఒకదాని కింద ఒకటి, ఒకే వెడల్పు గల అక్షరాలతో, ఒకే విభజనతో వ్రాసి గుంపుకు గుంపు సరిచూడాలి. మొదటి, చివరి గుంపులు మాత్రమే చూసి వదిలివేయరాదు. తిరుపతి, తిరుమతి అనే రెండు పేర్లకు తేడా ఉన్నది మధ్యలోని ఒకే ఒక్క అంకెలో.

ఇవి కూడా చూడండి

- ద్విసంఖ్యామానము
- యూనికోడ్
- తెలుగు లిపి
- తెలుగు అంకెలు
- పాత తెలుగు కొలమానాలు